మంత్రి గారూ, డాప్లర్ స్కాన్‌కి వారానికి రెండు పూటలు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఆ పేరు చెప్తే మిగతాది మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం పేరెత్తినా కిడ్నీ రోగుల లెక్కలు మీ ఫైళ్ళలోనే ఉంటాయి. డయాలసిస్ సెంటర్లు వచ్చాయి, డయాలసిస్ మీదున్న వాళ్ళకి నెలకి 10,000 రూపాయల పింఛను పెట్టారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. ఇందులో ఏ ప్రభుత్వం వాటా ఎంత అన్న గొడవ నాకొద్దు, దానికి టీవీ చర్చలున్నాయి. నేను అడిగేదానికి కొత్త బిల్డింగు కూడా అక్కర్లేదు. సర్కారు ఆస్పత్రుల్లో కిడ్నీకి, లివర్‌కి రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ చేయడానికి వారానికి రెండు పూటలు విడిగా కేటాయించండి, అంతే.

స్కానింగులు చేస్తూనే ఉన్నాం కదా అంటారు మీ అధికారులు. నిజమే, చేస్తున్నారు. మా మావయ్య ఫైల్లో అలాంటి రిపోర్టులు ఒక కట్ట ఉన్నాయి, అన్నిట్లోనూ ఒకటే మాట, రెండు కిడ్నీల్లోనూ గ్రేడ్ 2 ఆర్‌పీడీ మార్పులు అని. కిడ్నీ కండ దెబ్బతిందని దానర్థం, ఆ సంగతి కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ చూసినప్పుడే మాకు తెలిసిపోయింది. మామూలు స్కాన్ అవయవం ఎంత సైజులో ఉంది, ఎలా ఉంది అన్నది చూపిస్తుంది. దానికి రక్తం ఏ వేగంతో వెళ్తోంది, ఎటు వెళ్తోంది, ఎక్కడైనా ఆగిపోయిందా అన్నది డాప్లర్ చెప్పాలి. గుండె పంప్ చేసే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది, అలాంటిచోట నాళం సంగతి చూడకుండా రిపోర్టు ముగించేస్తే ఎలా?

గొట్టం మూతిని వేలితో నొక్కితే నీళ్ళు ఎలా చిమ్ముతాయో, సన్నబడిన నాళంలో రక్తం కూడా అలాగే దూసుకుపోతుంది. కిడ్నీ ధమనిలో ఆ వేగం సెకనుకి 200 సెంటీమీటర్లు దాటినా, పక్కనున్న బృహద్ధమనిలో వేగానికి మూడున్నర రెట్లు మించినా నాళం బాగా సన్నబడిందని అనుమానించాలి. మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగని వాళ్ళు, ఒక కిడ్నీ రెండోదానికంటే బాగా చిన్నగా ఉన్నవాళ్ళు, కిడ్నీని కాపాడతాయని రాసే, పేరు చివర 'ప్రిల్', 'సార్టాన్' అని ఉండే బీపీ మాత్రలు మొదలుపెట్టగానే క్రియాటినిన్ ఒక్కసారిగా పెరిగినవాళ్ళు, వీళ్ళకి ఈ పరీక్ష కావాలి. పైగా ఇందులో రేడియేషన్ లేదు, సీటీ యాంజియోలా నరంలోకి మందు ఎక్కించే పని లేదు, క్రియాటినిన్ ఎక్కువున్న వాళ్ళకి ఆ మందంటేనే డాక్టర్లు వెనకాడతారు కదా.

ఒక మాట ముందే ఒప్పుకోవాలి. కారణం సరిగ్గా తేలని ఈ ఉద్దానం కిడ్నీ జబ్బు ఎక్కువమందిలో రక్తనాళాల నుంచి మొదలయ్యేది కాదు, డాప్లర్ పెట్టగానే ఇన్నేళ్ళ చిక్కుముడి విడిపోదు. కానీ ఈ ఊళ్ళలో పుట్టినందుకు మాకు ఇంకో శిక్ష ఉంది. ఏ కిడ్నీ పాడైనా 'ఓహో, ఉద్దానమా' అనేసి ఫైలు మూసేస్తారు. కారణం వెతకడం అక్కడితో ఆగిపోతుంది. నాళం సన్నబడటం వల్లో, రాయి అడ్డుపడటం వల్లో కిడ్నీ దెబ్బతిన్నవాడు కూడా ఆ గుంపులోనే కలిసిపోతాడు. వాడికి సరైన వైద్యం ఉంది, వాడెవడో తెలియాలంటే చూడాలి. నాకు అన్నిటికంటే కోపం వచ్చేది ఇక్కడే.

లివర్ సంగతీ అంతే. లివర్‌కి చేరే రక్తంలో ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర తెస్తుంది. పొట్టలో నీరు చేరిన ప్రతివాడినీ తాగుబోతు లెక్కలో వేసేస్తారు, ఆ సిరలో గడ్డ కట్టిందా, లివర్ నుంచి బయటికొచ్చే సిరలు మూసుకుపోయాయా అని చూసేవాళ్ళు తక్కువ. చిన్న వయసు వాళ్ళలో, చుక్క ముట్టని ఆడవాళ్ళలో కూడా ఇవి వస్తాయి. తొందరగా కనిపెడితే మందులతోనో స్టెంటుతోనో బయటపడే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే రక్తపు వాంతులైన రాత్రి అంబులెన్సు కోసం పరుగు.

మరి ఎందుకు చేయరు? మెషీన్ లేక కాదండి చాలాచోట్ల. గర్భిణులకి వాడే కలర్ డాప్లర్ మెషీన్ మీదే ఈ పని కూడా అవుతుంది. లేనిది తీరిక. పొట్ట స్కాన్ పది నిమిషాల్లో తేలిపోతే కిడ్నీ డాప్లర్ సరిగ్గా చేయాలంటే అరగంట, లావు మనిషైతే ఇంకా ఎక్కువ. రోజుకి ఎన్ని స్కాన్లు అన్నదే పనికి కొలత అయినప్పుడు, బయట క్యూ చూస్తూ ఏ డాక్టరైనా అరగంట ఒక్కరికే ఇస్తారా? ఆయన్ని తప్పుపట్టలేం. అరగంట డాప్లర్‌ని మూడు స్కాన్లుగా లెక్కకట్టమని ఒక్క సర్క్యులర్ ఇవ్వండి, చాలా మారుతుంది.

పరగడుపున రమ్మంటారు, పేగుల్లో గ్యాస్ ఉంటే నాళాలు కనపడవు కాబట్టి అది సబబే. కానీ మొదటి బస్సుకి మావయ్యని తీసుకెళ్తే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, స్కాన్ డాక్టర్ వెళ్ళిపోయారు రేపు రండి అన్నారు. షుగరున్న మనిషి. ఆ తర్వాత ప్రైవేటులో చేయించాం. ఆస్పత్రిలో చేరితే పథకం ఉంది, ఓపీలో చేయించుకునే స్కాన్‌కి మాత్రం జేబులోంచే. ఇచ్ఛాపురం వైపు వాళ్ళయితే బరంపురం పోతారు, పక్క రాష్ట్రం.

డయాలసిస్ వాళ్ళ చేతుల గురించి కూడా. డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనిని సిరతో కలిపే ఆపరేషన్, అంటే ఫిస్టులా, వేసేముందు చేతి నాళాలు డాప్లర్‌తో కొలవాలి. ధమని కనీసం 2 మిల్లీమీటర్లు, సిర పట్టీ కట్టినప్పుడు రెండున్నర ఉంటే నిలబడే అవకాశం బాగుంటుంది. వేశాక నెలన్నరకి నిమిషానికి 600 మిల్లీలీటర్ల దాకా రక్తం పారుతోందా అని మళ్ళీ చూడాలి. ఇవేవీ చూడకుండా వేసిన ఫిస్టులా ఫెయిలైతే మెడలో గొట్టంతోనే నెలల తరబడి ఉండాలి, ఆ గొట్టానికి ఇన్‌ఫెక్షన్, దానికి యాంటీబయాటిక్కులు, మళ్ళీ ఆపరేషన్. ఈ ఖర్చంతా మీదే కదండీ, ముందే కొలిపిస్తే మీకే మిగులు.

కడుపులో బిడ్డ ఆడో మగో స్కాన్‌లో చెప్పకూడదనే పీసీపీఎన్‌డీటీ చట్టం అడ్డమని మాత్రం చెప్పొద్దు. ఆడపిల్లల్ని కాపాడే చట్టం అది, సడలించమని ఎవరూ అడగట్లేదు. రిజిస్టరైన గదిలో, అర్హత ఉన్న డాక్టరు చేతే చేయించమంటున్నాం. స్కానింగులు నేర్చుకుంటున్న రేడియాలజీ పీజీ డాక్టర్లని నెలకి కొన్ని రోజులు టెక్కలి, సోంపేట లాంటి ఊళ్ళకి పంపితే వాళ్ళకీ చేయి తిరుగుతుంది.

రిపోర్టులో అంకెలు ఉండేలా చూడండి. రెండు కిడ్నీల పొడవు, ధమనిలో వేగం, కిడ్నీ లోపల రక్తానికి ఎంత అడ్డు ఉందో చెప్పే ఆర్‌ఐ అంకె, పోర్టల్ సిర వెడల్పు, అందులో రక్తం లివర్ వైపే పోతోందా వెనక్కి తన్నుతోందా అన్నది. గ్యాస్ వల్ల కనపడకపోతే కనపడలేదని రాయమనండి, కనపడనిదాన్ని 'నార్మల్' అని రాస్తేనే మాకు ప్రమాదం.

ముందు పలాసలో మొదలుపెట్టండి. ఏ రోజు, ఏ పూట, ఎన్ని గంటలకి అన్నది ఓపీ గది గోడ మీద తెలుగులో రాయించండి. షుగరు వాళ్ళ పేర్లు జాబితాలో పైన పెట్టించండి.

ఇట్లు,
సోంపేట నుంచి ఒక డయాలసిస్ రోగి మేనల్లుడు