దడి దూకే అణువులు

రవీ,

ఆలస్యానికి తిట్టుకోకు. కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) మీద ప్రోటీన్లు వేటి చోట అవి కుదురుగా ఉంటాయా, ఇష్టం వచ్చినట్టు తిరుగుతాయా అని ఒక్క వాక్యం రాసి పారేశావు. దానికి జవాబు రాద్దామని కూర్చుంటే నాకు రెండు రాత్రులు పట్టింది!

చదువుకునే రోజుల్లో మనం గీసిన బొమ్మ గుర్తుందా? రెండు వరసల ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువులు, వాటి మధ్య ముద్దల్లా దిగబడిన ప్రోటీన్లు. బొమ్మలో తప్పేమీ లేదు, కదలికే లేదు. 1970లో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు ఒక ఎలుక కణాన్నీ, ఒక మనిషి కణాన్నీ కలిపి ఒకే కణం చేశారు. ఎలుక ప్రోటీన్లకు ఒక రంగు, మనిషివాటికి మరో రంగు. మొదట చెరిసగంగా కనిపించిన రంగులు, 37 డిగ్రీల వెచ్చదనంలో 40 నిమిషాలకల్లా కలగలిసిపోయాయి. బాగా చల్లబరిస్తే కలవలేదు. 1972లో సింగర్, నికల్సన్ ఈ పొరను ద్రవంగా భావించి నమూనా ఇచ్చారు. మనం గీసింది దాన్నే.

అయితే ఒక చిక్కు మిగిలింది. ప్రయోగశాలలో తయారుచేసిన ఉత్త కొవ్వు పొరలో అణువులు చకచకా జారిపోతాయి. అవే అణువులు నిజమైన కణం మీద చాలా నెమ్మది. ఎందుకు? జపాన్‌లో కుసుమి బృందం ఒక ఫాస్ఫోలిపిడ్‌కు బంగారు రేణువు తగిలించి, సెకనుకు 40,000 ఫ్రేములు తీసే కెమెరాతో వెంబడించింది. 2002లో వాళ్లు చెప్పింది చదివి లేచి నిలబడ్డాను. అణువు నెమ్మదిగా లేదు! దాదాపు 230 నానోమీటర్ల గదిలో గిరగిరా తిరుగుతోంది, సగటున 11 మిల్లీసెకన్లకు ఒకసారి దడి దూకి పక్క గదిలో పడుతోంది. మామూలు వీడియోలో ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. ఆలోపు మూడు గదులు మారిపోతే, మనకు కనిపించేది బద్ధకంగా సాగే నడకే.

ఇంతకీ దడి ఎవరు కట్టారు? పొరకు లోపలివైపు ఆనుకుని యాక్టిన్ అనే ప్రోటీన్ పోగుల వల ఉంటుంది. పొరను దాటి లోపలికి చొచ్చుకొచ్చిన ప్రోటీన్ల తోకలు దానికి తగిలి ఆగుతాయి. అంతవరకు సరే. మరి వాళ్లు వెంబడించిన ఫాస్ఫోలిపిడ్ ఉన్నది బయటి వరసలో కదా, లోపలి వల దాన్నెలా ఆపుతుంది? ఆ వలకు కట్టుబడిన కొన్ని ప్రోటీన్లు పొరకు అడ్డంగా గుంజల్లా నిలబడతాయట. బయటి వరసకు అవే అడ్డు. అంటే కొన్ని ప్రోటీన్లు కదలకపోవడం వల్లే మిగతావాటి తిరుగుడుకు హద్దు ఏర్పడుతోంది. నీ ప్రశ్నలోని రెండు సగాలూ నిజమేరా!

కొలెస్టరాల్‌తో ఏర్పడే ‘తెప్పల’ (పొరలో అక్కడక్కడా గుమిగూడే కొవ్వు గుంపుల) గురించి కూడా అడుగుతావని తెలుసు. 1997 నుంచి ఆ మాట మారుమోగుతోంది. చిన్నవిగా, క్షణికంగా ఉంటాయంటే నమ్ముతాను, పాఠ్యపుస్తకాల్లో గీసే దీవులను మాత్రం నమ్మను.

పేగు కణాల్లో హద్దులు ఇంకా గట్టివి. సోడియంతో జోడీగా గ్లూకోజును లోపలికి లాగే ప్రోటీన్ ఆహారం వైపు, దాన్ని బయటికి వదిలేది రక్తం వైపు. కణాల మధ్య గట్టి అతుకులు వాటిని కలవనివ్వవు. కలిస్తే గ్లూకోజు ఎటు పోవాలో తేలదు.

నీ పాత నోటుపుస్తకం పారేయకపోతే ఆ బొమ్మ ఫోటో తీసి పంపు. నేను ప్రోటీన్లన్నిటినీ స్కేలు పెట్టి సమాన దూరంలో గీసి మెప్పు పొందాను. నీది గజిబిజిగా ఉందని మార్కులు తగ్గించారు కదూ, అదొకసారి చూడాలి.

నీ
మూర్తి