పగడం అమ్మితే బిల్లు మీద దాని పేరు ఉండాలి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల ఉప్పునీటి ట్యాంకుల సరదా పెరిగింది. గోల్డ్‌ఫిష్‌తో మొదలుపెట్టినవాళ్లు సముద్రపు చేపలకు, అక్కణ్నుంచి బతికున్న పగడాలకు (సముద్రపు అడుగున అతుక్కుని పెరిగే జీవులకు) వెళ్తున్నారు. నేనూ ఆ దారిన వచ్చినవాణ్నే కాబట్టి సరదాను తప్పుపట్టను. కానీ ఇప్పుడు అందరి కన్నూ ‘ఎవరి దగ్గరా లేని’ కోరల్ (పగడం) మీదే పడింది. ఫోన్ గ్రూపుల్లో ఫొటో పెట్టి ‘రేటు ఇన్‌బాక్స్‌లో’ అంటారు. ఇది ఏ జాతి, ఏ సముద్రం నుంచి వచ్చింది అని అడిగితే ‘ఇంపోర్టెడ్ సార్’ అన్న మాటే జవాబు. బిల్లు అడిగితే ‘అక్వేరియం సామాను’ అని రాసిస్తారు.

సముద్రంలో తమ అస్థిపంజరాలతో దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్నదీ ఆ షెడ్యూలులోనే. నల్ల పగడం, ఎర్ర గొట్టాల ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్ కూడా అందులోవే. నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. మనవాళ్లు ముచ్చటపడి కొనే టార్చ్, హ్యామర్, ఆక్రోపొరా, ఫ్లవర్‌పాట్ అన్నీ గట్టి పగడాలే. ట్యాంకు అడుగున పేర్చే ‘లైవ్ రాక్’ కూడా చాలావరకు పగడపు అస్థిపంజరమే. పులిగోరు మెడలో వేసుకుంటే కేసవుతుందని తెలిసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలియదు.

చట్టాన్ని పక్కన పెట్టినా, ఈ వింత జాతుల్లో కొన్ని మన ఇళ్లలో బతకడం కష్టం. మామూలు పగడం ఒంట్లో సూక్ష్మమైన నాచు ఉండి, వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడుతుంది. మంచి లైటు, 25-27 డిగ్రీల నీరు, ఉప్పూ కాల్షియం నిలకడగా ఉంటే అది నెట్టుకొస్తుంది. సన్ కోరల్‌కు అలాంటి నాచు తోడు లేదు. దాని నారింజరంగు నోళ్లు పగలు ముడుచుకుని ఉండి, చీకటి పడ్డాక విచ్చుకుంటాయి. అప్పుడు డ్రాపర్‌తో ఒక్కో నోటికీ విడిగా మేత అందించాలి. అందని నోళ్ల దగ్గర కండ తగ్గి తెల్లటి గిన్నెలు బయటపడతాయి. పోనీ అని మేత ఎక్కువ వేస్తే నీళ్లు పాడవుతాయి. కార్నేషన్ కోరల్ పరిస్థితి మరీ ఘోరం. ఎడతెగని ప్రవాహంలో కంటికి కనబడని ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) తిని బతికే జీవి అది. ఇంటి ట్యాంకులో కొద్ది వారాలకే కుంచించుకుపోయి చస్తుంది. ఇవేవీ దుకాణంలో చెప్పరు. అక్కడ నీలం లైటు కింద అన్నీ మెరుస్తూనే ఉంటాయి. ఒకసారి తెల్లలైటు వేయమని అడగండి, సగం మెరుపు పోతుంది.

మన దేశంలో పగడపు దిబ్బలు ఉన్నదే కొద్ది చోట్ల: కచ్, మన్నార్ సింధుశాఖలు, పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. మన్నార్‌లో సున్నం కోసం తవ్వగా తవ్వగా 21 దీవుల్లో రెండు నీట మునిగాయి. లక్షద్వీప్‌లో 2024 వేసవి వేడికి పగడాలు ఒంట్లోని నాచును కోల్పోయి పెద్దయెత్తున తెల్లబారిపోయాయి.

పగడాలు పెంచాలన్న కోరిక తీరడానికి వేరే దారి ఉంది. మష్రూమ్, లెదర్, జోయాంథిడ్ లాంటి మెత్తనివి షెడ్యూలులో లేవు, ట్యాంకులోనే పిల్లలు పెడతాయి. ముక్క కోసి రాయికి అంటిస్తే కొత్తది మొదలవుతుంది. (జోయాంథిడ్‌ను కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లజోడు తప్పనిసరి, కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది.) ఇలా పెరిగిన ముక్కలను తెలిసినవాళ్లు ఒకరికొకరు ఇచ్చుకుంటే సముద్రం జోలికి పోనక్కర్లేదు.

రెండు రాష్ట్రాల అటవీశాఖలను కోరేది ఇదే. బతికున్న పగడం ఏది అమ్మినా బిల్లు మీద శాస్త్రీయ నామం, ఎక్కణ్నుంచి వచ్చిందో, విదేశాలదైతే సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) పర్మిట్ నంబరు రాయడం తప్పనిసరి చేయాలి. షెడ్యూలులో ఉన్న పగడాల ఫొటోలతో తెలుగులో ఒక బోర్డు తయారుచేసి ప్రతి అక్వేరియం దుకాణంలో గల్లాపెట్టె దగ్గర పెట్టించాలి. తనిఖీకి వెళ్లే సిబ్బందికీ టార్చ్ ఏదో, లెదర్ ఏదో గుర్తుపట్టడం నేర్పాలి. తెలియక కొని ఇప్పటికే పెంచుతున్నవాళ్లు ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో కూడా ఆ బోర్డు మీదే ఉండాలి. లేకపోతే కేసు భయంతో వాటిని రాత్రికి రాత్రి డ్రైనేజీలో పారబోస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్