‘ది మిడిల్’ పాట వ్యాఖ్యానానికి తోడ్పడిన వారికి కృతజ్ఞతలు

ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగు చెప్పే నేను, ఒక ఇంగ్లిషు రాక్ పాటకు తెలుగులో వ్యాఖ్యానం రాయడానికి రెండు నెలలు వెచ్చించాను. లెక్కల పరీక్ష తప్పిన తరువాత ఎవరితోనూ సరిగా మాట్లాడని మా విద్యార్థిని ఒకామె, ఒకనాడు ఆ పాట వినిపించి, ఇది విన్నప్పుడల్లా ధైర్యం ఎందుకు వస్తుందో చెప్పమని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ వ్యాఖ్యానం ఇప్పుడు పూర్తయింది. అందులో నా ఒక్కడికీ చెందని భాగమే ఎక్కువ కనుక ఈ నాలుగు మాటలు అందరి ముందూ రాస్తున్నాను.

ఆ పాట అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, మేసా పట్టణానికి చెందిన జిమ్మీ ఈట్ వరల్డ్ బృందం పాడిన ‘ది మిడిల్’. 1980ల మధ్యలో వాషింగ్టన్ డీ.సీ.లోని హార్డ్‌కోర్ పంక్ అనే వేగమైన, ఘాటైన రాక్ నుంచి పుట్టి, మనసులోని బాధను బాహాటంగా పాడే ఎమో సంగీతం అంటే చాలామందికి దిగులే గుర్తుకొస్తుంది. ఈ పాట అదే సంప్రదాయంలో నిలబడి ధైర్యం చెబుతుంది. తోటి పిల్లలు తనను తమలో కలుపుకోవడం లేదని ఒక అమ్మాయి బృందానికి రాసిన ఈమెయిలే దీనికి ప్రేరణ అని గాయకుడు జిమ్ ఆడ్కిన్స్ చెప్పారు. అంటే ఇది లోకానికి చేసిన ఉపదేశం కాదు, ఒక ఉత్తరానికి ఇచ్చిన జవాబు. పాట మొత్తం ‘నువ్వు’ అనే పిలుపుతో ఎందుకు సాగుతుందో దీనివల్ల నాకు అర్థమైంది.

మొదటి పాదం దగ్గరే నేను పొరబడ్డాను. అక్కడున్న ‘రైట్ ఆఫ్’ అన్న మాటను నేను ‘నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు’ అని తెలుగు చేశాను. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మా బాబాయి దాన్ని చదివి, ‘అది తక్కువ చేయడం కాదురా, ఇక వసూలు కాదని తేల్చి పద్దు కొట్టేయడం’ అన్నారు. ఆ మాటతో పాదం మొత్తం వెలిగింది. ‘నిన్ను నువ్వు రాని బాకీ కింద అప్పుడే రాసేసుకోకు’ అని ఇప్పుడు నా వ్యాఖ్యానంలో ఉంది. ఆ ‘అప్పుడే’ అన్న మాటలోనే పాట ఆశ అంతా ఉందని నేను నమ్ముతున్నాను. నువ్వు గొప్పదానివని అది ఎక్కడా అనదు. ఖాతా ఇంకా మూసే సమయం రాలేదని మాత్రమే అంటుంది. పాటలో ఈ మాట చెప్పిన బృందానికీ ఆ స్థితి తెలుసు. 1999లో వచ్చిన ‘క్లారిటీ’ ఆల్బమ్ తరువాత వారి పాటలను విడుదల చేసే కాపిటల్ రికార్డ్స్ సంస్థతో వారి బంధం తెగిపోయింది. వెనుక ఏ సంస్థా లేకుండా, సొంత ఖర్చుతో తరువాతి ఆల్బమ్‌ను రికార్డు చేసుకున్నారు. అది 2001లో విడుదలైంది, అందులోని ఈ పాట 2002లో అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 5వ స్థానానికి చేరింది. బాబాయికి నా నమస్కారాలు.

సంగీతం విషయంలో నేను ఇద్దరికి రుణపడి ఉన్నాను. గిటార్ నేర్పే ఒక యువ మిత్రుడు మూడు సాయంత్రాలు నా పక్కన కూర్చుని, చరణంలో అరచేతి అంచును తీగల మీద ఆనించి నాదాన్ని అణిచి వాయించడాన్నీ, పల్లవి రాగానే ఆ చేతిని ఎత్తేయడాన్నీ వాయించి చూపించారు. చరణానికీ పల్లవికీ కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, ఒకటేనని, డి, ఏ, జి, మళ్లీ డి అనే వరుసే తిరుగుతుందని ఆయన చెప్పినప్పుడు నేను మొదట నమ్మలేదు. పల్లవి వేరే లోకంలోకి తీసుకెళ్లినట్టే నా చెవికి వినిపించేది. నిజానికి పాట ఎక్కడికీ కదలలేదు, ఉన్నచోటే గొంతు విప్పింది. చరణంలో బిగపట్టిన ఊపిరే పల్లవిలో బయటికి వస్తుంది. కర్ణాటక సంగీతం నేర్పే మా పిన్ని దీన్నే మన పరిభాషలో చెప్పారు. డి స్వరాన్ని షడ్జంగా పెట్టుకుంటే పాట నిలిచే స్వరస్థానాలు శంకరాభరణానివి, కార్డుల పునాదులు షడ్జం, పంచమం, మధ్యమం, తిరిగి షడ్జం. మన రాగపద్ధతిలో కార్డులు లేవు కనుక పోలికను అంతకు మించి లాగవద్దని కూడా ఆవిడే హెచ్చరించారు, నేను ఆ హద్దు దాటలేదు. నిమిషానికి 160 దెబ్బలకు పైగా పరుగెత్తే ఆ లయలో, ప్రతి ఆవృత్తం చివరా ఇంటి గడప తొక్కినట్టు షడ్జానికి చేరడమే వినేవారికి భరోసా ఇస్తుందని నాకు తోచింది. సమయం పడుతుందని మాటలు చెబుతుంటే, చేరే చోటు ఉందని స్వరం చూపిస్తుంది.

ఇంగ్లిషు చెప్పే మా సహాధ్యాపకురాలు గమనించి చెప్పకపోతే నేను పూర్తిగా జారవిడిచే విషయం ఒకటుంది. గిటార్ సోలో, అంటే పాడటం ఆపి గిటార్‌ను ముందుకు తెచ్చి వాయించే భాగం, తరువాత మొదటి చరణం తిరిగి వస్తుంది, కానీ యథాతథంగా కాదు. మొదట ‘ప్రయత్నించు’ అన్నచోట ఈసారి ‘చేయి’ అని ఉంటుంది. నువ్వు లేనప్పుడు వాళ్లేమనుకుంటారో అని దిగులుపడకు అన్నచోట, చేదు నిండిన మనసులు ఏమంటాయో అని దిగులుపడకు అని ఉంటుంది. వెనుక గుసగుసలాడేవారి చేదును మొదటిసారి పేరుపెట్టి చెప్పగలిగినంత బలం, మూడు నిమిషాలు కూడా నిండని పాటలో ఆ అమ్మాయికి చేకూరిందన్నమాట. ఒక్క క్రియాపదం మార్చి మనిషి ఎదుగుదలను చూపిన ఆ పొదుపును చూసి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఆమెకు నా హృదయపూర్వక ధన్యవాదాలు.

చివరిగా, ప్రశ్న అడిగిన మా విద్యార్థినికి. పల్లవిలోని సంబోధనను నేను ‘చిన్నారీ’ అని రాస్తే, అలా ఎవరూ పిలవరని, ఇంట్లో అమ్మమ్మ ‘తల్లీ’ అంటుందని చెప్పింది. అంతా బాగుంటుందన్న మాట రెండేసి సార్లు రావడాన్ని ‘ఏం కాదు తల్లీ, ఏం కాదు’ అని మార్చింది కూడా తనే. మూలంలోని పదాలకు అది కాస్త దూరమే అయినా, మన ఇళ్లలో జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద చేయి వేసి అనే మాట అదే. ఆమె దిద్దిన ప్రతినే కళాశాల పత్రికకు పంపించాను.