చార్జింగ్ యాప్‌లో ‘చార్జ్’ అనే మాటకు తప్పు తెలుగు: రెండుసార్లు కట్టిన సొమ్ము వాపసు గురించి

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

ఈ నెల 9వ తేదీ సాయంత్రం మా అమ్మగారు హనుమకొండలోని మీ స్టేషన్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్‌కు చార్జింగ్ పెట్టి, యూనిట్ 16 రూపాయల చొప్పున రెండున్నర యూనిట్లకు 40 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ, మొత్తం 47 రూపాయల 20 పైసలు ఫోన్‌లో చెల్లించారు. వెంటనే మీ యాప్‌లో ‘మీపై అభియోగం మోపబడింది’ అని వచ్చింది. ఆ కిందనే, బ్యాటరీ బొమ్మ పక్కన, ‘వసూలు 80 శాతం’ అని ఉంది. బండి పెట్టకూడని చోట పెట్టినందుకు కేసు రాశారేమోనని ఆమె కంగారుపడి, బాకీ ఏదో మిగిలిందనుకుని అంత సొమ్మూ మళ్లీ కట్టారు.

ఇంటికి వచ్చాక నేను భాషను ఇంగ్లీషుకు మార్చి చూస్తే, రెండు చోట్లా ఉన్నది ‘చార్జ్’ అనే ఒకే మాట. కోర్టులో నిందితుడిపై నమోదు చేసే అభియోగాన్ని మీ అనువాదం రసీదులో పెట్టి, రసీదులో ఉండవలసిన వసూలును బ్యాటరీకి తగిలించింది.

బండికి బరువు ఎక్కించడమనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఈ ‘చార్జ్’ పుట్టింది. ఆ బరువు డబ్బుదైతే రుసుము, బాధ్యతదైతే పదవి, నేరానిదైతే అభియోగం అయింది. మనకూ ఇది కొత్త మాటేమీ కాదు. బస్సు చార్జీలు పెరిగాయన్నా, లాఠీచార్జి జరిగిందన్నా, కొత్త కలెక్టర్ చార్జి తీసుకున్నారన్నా, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందన్నా, ఎవరూ ఒకదానిని మరొకటిగా పొరబడరు. పక్కనున్న మాటే అర్థం తేల్చేస్తుంది. మీ యాప్ ఆ పక్కమాటను చూడనేలేదు.

సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, బ్యాటరీ దగ్గర ‘ఆవేశం’ అని మారుస్తామన్నారు. భౌతికశాస్త్రం పాఠంలో విద్యుదావేశం సరైన మాటే కానీ, ‘ఆవేశం 80 శాతం’ అని చూస్తే మా అమ్మగారు ఈసారి కోపం ఎవరికి వచ్చిందని అడుగుతారు. దయచేసి అలా మార్చవద్దు. డబ్బు దగ్గర ‘చెల్లింపు అందింది’ అనీ, బ్యాటరీ దగ్గర ‘చార్జింగ్ 80 శాతం’ అనీ రాయించండి.

అదనంగా కట్టిన 47 రూపాయల 20 పైసలను అదే ఖాతాకు వాపసు చేయగలరు. రెండు చెల్లింపుల రసీదులను, ఆ తెర చిత్రాన్ని దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ వినియోగదారు కుమారుడు