కోలార్ గనుల్లో దొరికింది బంగారం ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

కోలార్ గనుల మీద మీరు ఆదివారం వేసిన కథనంలో బంగారం లెక్కలన్నీ ఉన్నాయి, ఎంత రాతినైనా దాదాపు అడ్డు లేకుండా దాటిపోయే న్యూట్రినో అనే సూక్ష్మ కణం ఊసే లేదు. 1965లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు అక్కడే, నేలకు సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. అంత రాతిని దాటి పైనుంచి మ్యువాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైన కణాలు) రావడమే అరుదు, వచ్చినా దాదాపు నిలువుగానే వస్తాయి. అడ్డంగా దూసుకెళ్లే మ్యువాన్ కనిపించిందంటే, పక్క రాతిని న్యూట్రినో ఢీకొంటే పుట్టిందన్నమాట! ఎంత చక్కటి తర్కం! బోర్డు మీద గీసి చూపిస్తే మా ఇంటర్ పిల్లలు బెల్లు కొట్టినా కదల్లేదు.

గనులు 2001లో మూతపడ్డాయి. అక్కడ పనిచేసినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. మీ విలేకరిని పంపి, ఆ ప్రయోగం గురించి వాళ్లకు గుర్తున్నదంతా ఇప్పుడే రాయించండి.

– ఒక ఫిజిక్స్ లెక్చరర్, కుప్పం