గృహరుణ ఏజెంట్లకూ లైసెన్సు పరీక్ష పెట్టాలి

సంపాదకులకు,

తిరుపతి చుట్టూ తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) లేఅవుట్లు, అపార్టుమెంట్లు పెరిగే కొద్దీ గృహరుణం ఇప్పిస్తామనే ఏజెంట్లూ పెరిగారు. వారిలో పని తెలిసిన నమ్మకస్తులు చాలామందే ఉన్నారు. అయినా ఒక కుటుంబం ఇరవై ఏళ్లపాటు కట్టవలసిన అప్పును కుదిర్చే మనిషికి చట్టం ఏ పరీక్షా పెట్టకపోవడం సరికాదు.

బీమా పాలసీ అమ్మాలంటే పరీక్ష రాయాలి. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే సెక్యూరిటీల మార్కెట్ల శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే పరీక్ష పాసై, ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ నుంచి నంబరు తీసుకోవాలి. చివరికి బాకీ వసూలుకు వచ్చే రికవరీ ఏజెంటుకు సైతం బ్యాంకింగ్ శిక్షణ సంస్థ ఐఐబీఎఫ్ సర్టిఫికెట్ ఉండాలి. అప్పు ఇప్పించేవారికి మాత్రం బ్యాంకు తనకు తోచినట్టు ఇచ్చే శిక్షణే దిక్కు.

అమెరికాలో గృహరుణాల సంక్షోభం ముదిరిన 2008లోనే గృహరుణాలు కుదిర్చేవారి కోసం సేఫ్ చట్టం తెచ్చారు. బ్యాంకుల ఉద్యోగులు పేరు నమోదు చేసుకుంటే చాలు. మిగిలినవారు ఇరవై గంటల చదువు పూర్తిచేసి, 75 శాతం మార్కులతో పరీక్ష నెగ్గి, వేలిముద్రలతో నేరచరిత్ర తనిఖీకి ఒప్పుకుంటేనే లైసెన్సు వస్తుంది. ఏటా ఎనిమిది గంటలు మళ్లీ చదవాలి. ఏజెంటు నంబరు కొట్టి అతని వివరాలు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు.

నేను బ్యాంకు రుణ విభాగంలో పనిచేసిన రోజుల్లో, కొనేవారు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాక ఫైలు మా దగ్గరికి వచ్చేది. తీరా లాయరు ఇచ్చే లీగల్ ఒపీనియన్‌లో అది ప్రభుత్వం పేదలకు ఇచ్చిన డీకేటీ పట్టా భూమి అనో, రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందనో బయటపడేది. ఆస్తి మీది లావాదేవీలు చూపే ఈసీ చదవడం, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు సరిచూడడం తెలిసిన ఏజెంటు అయితే అడ్వాన్సుకు ముందే ఆపేవాడు. రుణంలో బీమా ప్రీమియం కలిపిన సంగతి ఈఎంఐ మొదలైన తర్వాత గానీ తెలియనివారినీ చూశాను. 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు తప్పనిసరి చేసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటులో (రుణం ముఖ్య వివరాల పత్రంలో) ఇలాంటి ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. దాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇచ్చి వివరించాలన్న నిబంధనా ఉంది. కానీ ఇంటికి వచ్చి సంతకాలు పెట్టించుకునే ఏజెంటుకే ఆ కాగితం అర్థం కాకపోతే ఇల్లాలికి ఏం చెబుతాడు?

రిజర్వు బ్యాంకు తెలుగులోనూ రాసుకునే పరీక్ష పెట్టి, నెగ్గినవారికి నంబరు ఇచ్చి, రుణ దరఖాస్తు మీద ఆ నంబరు తప్పనిసరి చేయాలి. తిరుపతి, చిత్తూరు ఎంపీలు ఈ విషయాన్ని ఆర్థిక శాఖ దృష్టికి తీసుకెళ్లాలని కోరుతున్నాను. ఈలోగా బ్యాంకులు తమ అధీకృత ఏజెంట్ల పేర్లను ప్రతి బ్రాంచిలో బోర్డు మీద రాయించేలా, కలెక్టర్ల అధ్యక్షతన జరిగే జిల్లా బ్యాంకర్ల సమావేశాల్లో నిర్ణయం తీసుకోవాలి.

— విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, కొర్లగుంట, తిరుపతి