సండే స్కూల్ పిల్లల్ని కాలవ గట్టుకి తీసుకెళ్లండి

సంపాదకులు గారికి,

మీ జిల్లా పేజీలో క్రిస్మస్ స్టార్ల ఫొటోలు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మిషనరీ దొరసానులు ఎప్పుడో మా వైపు ఆడవాళ్లకి నేర్పిన లేసు అల్లికే నాకు జీవనాధారం. మా అమ్మాయి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. 6 ఏళ్ల మనవరాలు నా దగ్గరే ఉంటోంది.

డిసెంబరు వచ్చిన దగ్గర్నుంచీ దానిది ఒకటే గొడవ. ఎదురింటి స్టారు కంటే మనది పెద్దదవ్వాలి, నడుస్తుంటే లైట్లు వెలిగే బూట్లు కావాలి. వీడియో కాల్‌లో వాళ్లమ్మతో కూడా ఇదే మాట. దాన్నేమనగలం? మందిరంలో మేం పెద్దవాళ్లం మాట్లాడుకునేదీ సౌండ్ బాక్సుల గురించీ, సెమీ క్రిస్మస్‌కి ఎవరెంత చందా రాశారనీ.

పోయిన వారం లూకా సువార్త 2వ అధ్యాయం కంఠతా పట్టిస్తుంటే, "పొత్తిగుడ్డలంటే ఏంటి అమ్మమ్మా?" అనడిగింది. పెట్టె తెరిచి, అది పుట్టినప్పుడు చుట్టిన నా పాత నూలు చీర ముక్కలు చూపించాను. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయాయి. చెంపకి ఆనించుకుంది. "మరి పశువుల తొట్టి?" అంది. పాకలోకి తీసుకెళ్లాను. మా గేదె మేసే తొట్టి అంచు గరుకు, అడుగున తడి గడ్డి, గేదె చొంగ. చెయ్యి పెట్టి ఠక్కున తీసేసుకుంది. "ఇందులోనా యేసయ్యని పడుకోబెట్టారు?"

సార్వా వరి కోతలయ్యాక, రాలిన గింజ కోసం బాతుల మందల్ని తోలుకొచ్చే బాతుల వాళ్లు వచ్చి కాలవ గట్టు మీద డేరాలు వేసుకున్నారు. వాళ్లలో ఒకామె పచ్చి బాలింత. మర్నాడు మంచు విడవకముందే ఆ గుడ్డలు పట్టుకుని బయల్దేరితే, మూట నేనే మోస్తానని మనవరాలు వెంటపడి వచ్చింది. డేరాలో గోనె పట్టా మీద, తల్లి పక్కలో పసిగుడ్డు. గుడ్డ చుడుతుంటే పిడికిలి బయటికొచ్చింది. మా పిల్ల ఆ పిడికిలినే చూస్తూ గొంతుక్కూర్చుని ఎంతకీ లేవలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ పాపకి వాళ్లమ్మ పక్కనే ఉంది కదా" అంది. నాకు గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి ఫోనులో బూట్ల మాటెత్తలేదు. "ఎన్ని నెలలకొస్తావ్?" అనడిగింది. పది అంటే, బొగ్గు తెచ్చి గోడ మీద 10 గీతలు గీసుకుంది.

మందిరాల పెద్దలకీ సండే స్కూల్ టీచర్లకీ నా మనవి ఒకటే. యేసయ్య పుట్టిన కబురు దూత మొదట చెప్పింది రాత్రివేళ పొలంలో మందను కాసుకునే గొర్రెల కాపరులకే. మన పొలాల్లో రాత్రిళ్లు మంచులో బాతుల మందను కాస్తున్నవాళ్లు కళ్లెదురుగానే ఉన్నారు. ఒక్క సాయంత్రం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. మైకు వద్దు, ఫొటోలు అసలే వద్దు. ఇంట్లో ఉన్న పాత నూలు చీరో, కాసిని అరిసెలో పిల్లల చేతికిచ్చి పంపండి. పొలంలో రాలిన గింజ అయిపోగానే వాళ్లు డేరాలు ఎత్తేస్తారు. ఆలస్యం చేయకండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ,
నరసాపురం మండలం